నాగలి నుంచి ఇంజను దాకా: కిర్లోస్కర్ల ఇంటి చదువు



మన పల్లెల్లో కిర్లోస్కర్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఇంజను, లేదంటే పంపు. అది ఒక కుటుంబం ఇంటిపేరని తెలియని రైతులు ఎందరో. కరెంటు స్తంభాలు ఇంకా పొలాల దాకా రాని రోజుల్లో, మోట తోలే ఎడ్ల పనిని తన మీద వేసుకుని బావుల్లోంచి నీళ్లు పైకి తెచ్చిన ఆయిల్ ఇంజన్లలో ఆ పేరున్నవి తెలుగునాట విరివిగా కనిపించేవి. ఆ ఇంజను తయారైన ఊరు మనది కాదు. ఆ కథ బెల్గాంలో మొదలై, మహారాష్ట్రలో పెరిగి, కన్నడదేశంలో కొమ్మలు వేసింది. యంత్రాలు తయారుచేసే ఒక ఇంట్లో పెద్దలు తమ పిల్లలకు ఏమి నేర్పారు, ఏది నేర్పలేకపోయారు అన్నది ఇవాళ చెప్పుకుందాం.

మొదటి తరం మనిషి లక్ష్మణరావు కిర్లోస్కర్. 1869 జూన్ 20న బెల్గాం ప్రాంతంలోని గుర్లహోసూరులో పుట్టారు. తండ్రి వేదాంత విద్యలో పండితుడు. కొడుక్కి బడి చదువు వంటబట్టలేదు. బొమ్మలు వేయడం, యంత్రాలు విప్పి చూడడం, ఈ రెండింటి మీదే మనసు. అందుకే బొంబాయి వెళ్లి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరారు. కొంతకాలం గడిచాక, కొన్ని రంగుల తేడా తన కంటికి అందడం లేదని తేలింది. చిత్రకారుడు కావాలనుకున్న కుర్రవాడికి ఇంతకన్నా పెద్ద దెబ్బ ఏముంటుంది? లక్ష్మణరావు రంగుల్ని వదిలారు కాని గీతను వదల్లేదు. యంత్రాల డ్రాయింగ్ నేర్చుకున్నారు. ఆ నేర్పుతోనే బొంబాయి విక్టోరియా జూబిలీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పే ఉద్యోగం దొరికింది. అక్కడ తీరిక దొరికినప్పుడల్లా వర్క్‌షాపులో ఉంటూ, యంత్రాలతో సొంత చేత్తో పనిచేయడం నేర్చుకున్నారు.

ఉద్యోగంలో ఉండగానే మరో పని మొదలుపెట్టారు. బొంబాయిలో సైకిళ్లు కొని, బెల్గాంలో ఉన్న అన్న రామచంద్రకు పంపేవారు. ఇంట్లో అందరూ ఆయన్ని రాముఅన్న అనేవారు. అప్పట్లో సైకిలంటే వింత వస్తువు. డబ్బు పెట్టి కొన్నవాడికి దాని మీద కూర్చోవడమే చేతకాదు. అందుకని అన్న సైకిలు అమ్మి ఊరుకునేవాడు కాదు, తొక్కడం కూడా నేర్పేవాడు. నేర్పినందుకు విడిగా రుసుం. కిర్లోస్కర్ బ్రదర్స్ సంస్థ తన పుట్టుకను 1888లో ఆ సైకిళ్ల వ్యాపారం నుంచే లెక్కపెట్టుకుంటుంది. చిన్న కొట్టే, నిజమే. కాని జనానికి పరిచయం లేని వస్తువును అమ్మేవాడు దానితోపాటు దాన్ని వాడే విద్యను కూడా అందించాలన్న సంగతి ఆ అన్నదమ్ములకు తెలిసింది అక్కడే. తరువాత వాళ్లు పడ్డ పాట్లు చూస్తే, ఆ అనుభవమే లేకపోతే నిలదొక్కుకునేవారు కాదనిపిస్తుంది.

కొంతకాలానికి, తనకు రావలసిన పై ఉద్యోగాన్ని ఒక ఆంగ్లో ఇండియన్‌కు ఇచ్చారని లక్ష్మణరావు బొంబాయి విడిచి బెల్గాం చేరారు. విదేశీ పత్రికల్లో యంత్రాల బొమ్మలు చూసి, పశువులకు చొప్ప నరికే యంత్రం ఒకటి తయారుచేశారు. ఆ తరువాత ఇనుప నాగలి. అది 1903. అదే ఏడాది మే 28న షోలాపూర్‌లో ఆయనకు ఒక కొడుకు పుట్టాడు. పేరు శంతనురావు. ఆ అబ్బాయి సంగతి తరువాత చెప్పుకుందాం.

ముందు నాగలి సంగతి.

ఆ నాగలిని ఎవరూ కొనలేదు. ఇనుము నేల తల్లికి విషమని రైతుల నమ్మకం. మొదటి నాగలి అమ్ముడుపోవడానికే రెండేళ్లు పట్టింది. దీన్ని చాలామంది రైతు మూఢనమ్మకంగా చెప్పి వదిలేస్తారు. అది న్యాయం కాదు. తరతరాలుగా వాడుతున్న కర్ర నాగలిని ఊళ్లోని వడ్రంగి చేస్తాడు, కర్రును కమ్మరి సాగగొడతాడు, విరిగితే సాయంత్రానికి బాగుచేసి ఇస్తారు. ఆ నాగలి నేలను గీరుతూ చాలు తీస్తుందే కాని మట్టిని తిరగేయదు. ఇనుప నాగలి, మన వ్యవసాయ శాఖ వాళ్లు రెక్క నాగలి అంటారే అది, మట్టిని లోతుగా కోసి తలకిందులు చేస్తుంది. గరిక, తుంగ వేళ్లతో సహా పైకి వస్తాయి. నల్లరేగడికి, చెరకు వేసే నేలకు అది మేలే. కాని దాన్ని లాగడానికి ఎడ్లకు ఎక్కువ సత్తువ కావాలి. విరిగితే బాగుచేసేవాడు ఊళ్లో లేడు. పంట చేతికి రాకపోతే ఆ ఏడు ఇల్లు గడవని రైతు, పరిచయం లేని వస్తువు కోసం నేలను పణంగా పెట్టడానికి వెనకాడడంలో వింత లేదు.

లక్ష్మణరావు గొప్పతనమంతా ఆ రెండేళ్లలో ఉంది. నాగలి చేయడం మానలేదు. రైతులు తెలివితక్కువవాళ్లని తీర్మానించుకుని మరో వ్యాపారానికి పోలేదు. సైకిలు తొక్కడం నేర్పిన ఇంట్లోవాళ్లకు నాగలి పట్టించడం ఎలాగో తెలియకుండా ఉంటుందా? అమ్మకాలు నెమ్మదిగా మొదలయ్యాయి, ఆ తరువాత పెరిగాయి. కొనేవాడు వద్దన్నప్పుడు ఎందుకు వద్దంటున్నాడో వినడం, విన్నాక కూడా వస్తువు మీద నమ్మకం చంపుకోకపోవడం, ఈ రెండూ ఒక మనిషిలో కలవడం అరుదు. ఈ కుటుంబ చరిత్రలో ఇంతకన్నా విలువైన ఘట్టం మరొకటి లేదు.

నాగలి నిలదొక్కుకుంటున్న సమయంలోనే మరో ఇబ్బంది వచ్చిపడింది. బెల్గాం పురపాలక సంఘం పట్టణాన్ని విస్తరించాలని, వర్క్‌షాపు ఉన్న స్థలం ఖాళీ చేయమంది. అప్పటికి లక్ష్మణరావు ఔంధ్ సంస్థానంలో ఒక పెద్ద మండపం కట్టే పనిలో ఉన్నారు. ఔంధ్ రాజు బాలాసాహెబ్ పంత్ ప్రతినిధి, సూర్య నమస్కారాలకు దేశమంతటా ప్రచారం తెచ్చిన మనిషి, స్వయంగా చిత్రకారుడు. విషయం తెలిసి పదివేల రూపాయలు అప్పు ఇచ్చారు. కుండల్ రోడ్ స్టేషన్ దగ్గర 32 ఎకరాలు కూడా ఇచ్చారు. నేలంతా నాగజెముడు. పొదల నిండా తాచుపాములు. 1910 మార్చి 10న ఆ నేల మీద కిర్లోస్కర్‌వాడి వెలిసింది. పాతికమంది పనివాళ్లు, వాళ్ల కుటుంబాలు వెంట వచ్చాయి. ఏడేళ్లు ఇంకా నిండని శంతనురావు బాల్యం ఆ జెముడు పొదల మధ్య గడిచింది. పెద్దయ్యాక ఆయన ఇంగ్లిషులో వచ్చిన తన ఆత్మకథకు 'కాక్టస్ అండ్ రోజెస్' అని పేరు పెట్టుకున్నారు. జెముడు, గులాబీలు.

కిర్లోస్కర్‌వాడిని కట్టినవాళ్లలో పెద్ద చదువులు చదివినవాళ్లు తక్కువ. ఊరి ప్రణాళిక, పాలన రాముఅన్న చూసుకున్నారు. శంభురావు జాంభేకర్ ఇంజనీరు పనులు నడిపారు. కె.కె. కులకర్ణి ఏ పని ఉంటే ఆ పనికి మనిషి. మంగేశ్‌రావు రేగే లెక్కలు, ఉత్తరాలు చూశారు. అనంతరావు ఫళ్నీకర్ బడి మధ్యలో మానేసిన కుర్రవాడు, అక్కడే ఇంజనీరయ్యాడు. ఊరికి రాత్రి కాపలా కాసినవాళ్లలో తుకారాం రామోశీ, పిర్యా మాంగ్ అని ఇద్దరున్నారు. ఇద్దరూ జైలు శిక్ష అనుభవించి వచ్చినవాళ్లు. 1910 నాటి పల్లె సమాజంలో జైలు నుంచి తిరిగొచ్చిన మనిషికి, అందులోనూ కింది కులాలవాడికి, ఎవరు ఏమి అప్పజెబుతారు? లక్ష్మణరావు ఊరినే అప్పజెప్పారు. కిర్లోస్కర్‌వాడిలో అంటరానితనాన్ని పాటించనివ్వలేదు కూడా. ఇవన్నీ ఆయన ఉపన్యాసాల్లో చెప్పిన మాటలు కావు, ఊరు నడిచిన తీరు. ఆ తీరు మధ్య పెరిగిన పిల్లలకు మనుషుల్ని ఎలా ఎంచుకోవాలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పనక్కర్లేదు.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఇనుము కరువైంది. కొల్హాపూర్ మహారాజు శాహు ఛత్రపతి తన దగ్గరున్న పాత ఫిరంగులను ఇచ్చారు. వాటిని కరిగించి నాగళ్లు పోశారు.

నాగలి తరువాత ఏమి తయారైందో వరుసగా చూస్తే, ఈ ఇంటి ఆలోచన తేటగా తెలుస్తుంది. నాగలి వాడే రైతు ఆ ప్రాంతంలో చెరకు వేస్తాడు. చెరకు నరికాక బెల్లం వండాలి, కనుక గానుగ కావాలి. ఇనుప చెరకు గానుగలు వచ్చాయి. చెరకుకు నీరు ఎక్కువ కావాలి. 1926లో సెంట్రిఫ్యూగల్ పంపు వచ్చింది. పంపు ఒక్కటీ ఉంటే నీళ్లు రావు, దాన్ని తిప్పేది ఒకటుండాలి. అందుకని ఇంజను, మోటారు. ఇవన్నీ చెక్కాలంటే లేతు మిషన్లు కావాలి. ఒక వస్తువు కొన్న మనిషి పొలానికి తిరిగి వెళ్లి మర్నాడు ఏ పని దగ్గర ఆగిపోతాడో చూడడం, ఆ ఆగిన చోట తరువాతి వస్తువు తయారుచేయడం: మొదటి తరం రెండో తరానికి ఇచ్చిన ఆస్తి ఇదే. ఫ్యాక్టరీ దాని తరువాతే.

శంతనురావును అమెరికా పంపారు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి 1926లో పట్టా పుచ్చుకున్నారు. ఆయనతో పాటు వెళ్లిన దాయాది సోదరుడు మాధవ్ క్షయవ్యాధితో కన్నుమూశాడు. ఇద్దరు వెళ్లిన ఇంటికి ఒక్కడే తిరిగివచ్చాడు. వచ్చాక శంతనురావు కిర్లోస్కర్‌వాడిలోనే పనిలో దిగారు. బయట ఎక్కడో అధికారిగా కుదురుకునే అవకాశం ఆ చదువుకు ఉండేది.

తండ్రి చేసిన మరో మేలు, పిల్లలందరినీ ఒకే కప్పు కింద కూర్చోబెట్టకపోవడం. 1941లో మైసూరు సంస్థానంలోని హరిహర్‌లో లేతులు తయారుచేసే మైసూర్ కిర్లోస్కర్ పుట్టింది. 1946లో బెంగళూరులో మోటార్ల కోసం కిర్లోస్కర్ ఎలక్ట్రిక్ మొదలైంది. దాన్ని మరో కొడుకు రవి నడిపారు. అదే ఏడాది పూనాలో శంతనురావు చేతుల మీదుగా కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ ఏర్పడింది. మన చేలకు వచ్చిన ఇంజన్లు ఆ సంస్థవే. 1962లో అమెరికా కమిన్స్ సంస్థతో కలిసి పెద్ద డీజిల్ ఇంజన్ల కంపెనీ పెట్టారు. ఇక్కడ ఇంజన్లు తయారుచేసి పై దేశాలకు పంపవచ్చన్న పట్టుదల శంతనురావుది. తయారీలో పుట్టిన మనిషి సాధారణంగా వస్తువు బాగుంటే చాలనుకుంటాడు. ఈయన మాత్రం అమ్మకాన్ని కూడా అంతే శ్రద్ధతో పట్టించుకున్నారు. 1965లో పద్మభూషణ్ వచ్చింది.

ఈ కుటుంబంలో అందరూ ఇనుముతోనే పనిచేశారనుకుంటే పొరపాటు. లక్ష్మణరావు అన్నకొడుకుల వరసలో శంకరరావు చిత్రకారుడు. 1920లో 'కిర్లోస్కర్ ఖబర్' అని ఒక పత్రిక పెట్టారు. మొదట్లో అది ఫ్యాక్టరీ సరుకు సమాచారం చెప్పే చిన్న పత్రిక. కొద్ది కాలంలోనే 'కిర్లోస్కర్' పేరుతో మరాఠీలో ఎన్నదగిన మాసపత్రికల్లో ఒకటైంది. 1930లో స్త్రీల కోసం 'స్త్రీ', ఆ తరువాత 'మనోహర్' వచ్చాయి. నాగళ్లు పోసే ఊరి నుంచి స్త్రీ విద్య గురించి, సంఘ సంస్కరణ గురించి మాట్లాడే పత్రికలు మరాఠీ ఇళ్లలోకి వెళ్లాయి. రైతును పాత నాగలి నుంచి కదిలించడం ఎంత కష్టమో తెలిసిన ఇంటికి, మనుషుల్ని పాత ఆలోచన నుంచి కదిలించడానికి ఎంత ఓపిక కావాలో కూడా తెలిసే ఉంటుంది.

ఆ ఓపికకు పెద్ద పరీక్ష 1948లో వచ్చింది. జనవరి 30న గాంధీజీ హత్య జరిగింది. హంతకుడు మహారాష్ట్ర బ్రాహ్మణుడు కావడంతో ఆ ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబాల మీద దాడులు జరిగాయి. కిర్లోస్కర్లూ బ్రాహ్మణులే కావడంతో గుంపులు కిర్లోస్కర్‌వాడి మీదికి వచ్చి ఫ్యాక్టరీకి నిప్పు పెట్టాయి. లక్ష్మణరావుకు అప్పుడు 78 ఏళ్లు. అంటరానితనం వద్దని, జైలు నుంచి వచ్చినవాళ్లకు ఊరి కాపలా ఇచ్చిన మనిషి కట్టిన ఊరు కులం పేరు మీద కాలిపోయింది. ఇది తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఊరిని వదిలి వెళ్లిపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కిర్లోస్కర్‌వాడిని మళ్లీ నిలబెట్టారు. ఇవాళ కూడా అక్కడ పంపులు తయారవుతున్నాయి. లక్ష్మణరావు 1956 సెప్టెంబరులో కన్నుమూశారు.

నాలుగో తరంలో విక్రమ్ కిర్లోస్కర్ కథ విడిగా చెప్పుకోవాలి. శంతనురావు మనవడు, తాత చదివిన ఎం.ఐ.టి.లోనే చదివాడు. 1990ల్లో జపాన్ టొయోటా సంస్థతో చెయ్యి కలిపాడు. మొదట కలిసి చేసింది కార్లు కావు, నూలు వడికే యంత్రాలు. అది ఆశ్చర్యపడాల్సిన విషయం కాదు. టొయోటా ఇంటి పెద్ద సకిచి టొయోడా వడ్రంగి కొడుకు, మగ్గాలతో మొదలుపెట్టిన మనిషి. దారం తెగితే దానంతటదే ఆగిపోయే మగ్గాన్ని తయారుచేశారు. 1929లో ఆ మగ్గం హక్కులు ఇంగ్లండులోని ప్లాట్ బ్రదర్స్‌కు ఇచ్చారు. కొడుకు కిచిరో కార్ల వైపు నడిచాడు. జపాన్‌లో మగ్గం నుంచి కారు దాకా వచ్చిన ఒక ఇల్లు, మన దగ్గర నాగలి నుంచి ఇంజను దాకా వచ్చిన మరో ఇల్లు ఇలా కలిశాయి. 1997లో టొయోటా కిర్లోస్కర్ మోటార్ ఏర్పడింది. బెంగళూరు దగ్గర బిడదిలో తయారైన క్వాలిస్ బండి మన హైదరాబాదు, విజయవాడ రోడ్ల మీద కూడా ఎంతగా తిరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. విక్రమ్ 2022 నవంబరు 29న మరణించారు.

అన్నీ గెలుపులే కావు. హరిహర్‌లో ఒకప్పుడు దేశానికి లేతులు అందించిన మైసూర్ కిర్లోస్కర్ మూతపడింది. ఒక వస్తువు వెంట మరో వస్తువును చూడగలిగిన ఇల్లు, అక్కడ మాత్రం నిలదొక్కుకోలేకపోయింది. మరో వైపు కిర్లోస్కర్ బ్రదర్స్ 2003లో ఇంగ్లండుకు చెందిన ఎస్.పి.పి. పంపుల సంస్థను కొనుక్కుంది. ఒకే ఇంటిపేరు, ఒక చోట తలుపులు మూసుకున్నాయి, మరో చోట తెరుచుకున్నాయి.

అన్నిటికన్నా చేదైనది ఆస్తి పంపకం. శంతనురావు కొడుకు చంద్రకాంత్ కిర్లోస్కర్, తండ్రి బతికుండగానే 1985లో పోయారు. శంతనురావు 1994లో వెళ్లిపోయారు. ఆ తరువాతి తరం 2009లో కుటుంబ ఒప్పందం రాసుకుంది. ఎవరి సంస్థ ఎవరిది, ఎవరు ఎవరితో పోటీ పడవచ్చు అన్న దగ్గర ఆ ఒప్పందమే వివాదానికి మూలమైంది. అన్నదమ్ములు కోర్టులకు వెళ్లారు. 2021 జులైలో సుప్రీంకోర్టు మధ్యవర్తి ద్వారా పరిష్కరించుకునే దారి చూడమని సూచించింది. ఎవరిది ఒప్పు అన్నది న్యాయస్థానాలు చూసుకుంటాయి. కాని ఒక సంగతి కంటికి కనిపిస్తుంది. లక్ష్మణరావు కాలంలో కొడుకులకు వేర్వేరు ఊళ్లు, వేర్వేరు వస్తువులు అందాయి. ఒకరి మోటారు మరొకరి పంపును తిప్పింది, ఒకరి లేతు మీద మరొకరి ఇంజను భాగాలు తయారయ్యాయి. కాలం గడిచేకొద్దీ ఆ సంస్థల మధ్య సరిహద్దులు చెరిగి, అన్నదమ్ములు ఒకే బజారులో ఎదురుపడ్డారు. వస్తువు ఎలా చేయాలో, ఎలా అమ్మాలో, పనివాణ్ని ఎలా నమ్మాలో ఆ ఇల్లు కళ్లముందు చేసి చూపించింది. పంచుకోవడం ఎలాగో మాత్రం కాగితం మీద రాయాల్సి వచ్చింది. మన ఊళ్లలో రైసు మిల్లులు, పొగాకు బారన్లు, నూనె మిల్లులు నడిపిన కుటుంబాల్లోనూ ఈ సంగతి చూసినవాళ్లు తక్కువేమీ కాదు.

కోయంబత్తూరు దగ్గర కనియూర్‌లో కిర్లోస్కర్ బ్రదర్స్‌కు ఒక పంపుల ఫ్యాక్టరీ ఉంది. అక్కడ భాగాలు అమర్చేవాళ్లు, పరీక్షించేవాళ్లు అంతా మహిళలే. ఇనుము, మోటారు, గ్రీజు మగవాళ్ల పనులని అనుకునే పరిశ్రమలో ఆ ఏర్పాటు మాటలతో అయ్యేది కాదు. పనికి పనికిరారని బయటివాళ్లు తీసిపారేసినవాళ్లకు తాళాలు అప్పజెప్పిన ముత్తాత ఊరికి, ఈ ఫ్యాక్టరీకి మధ్య వంద సంవత్సరాల దూరం ఉంది. ఇళ్లలో ట్యాంకులకు నీళ్లెక్కించే చిన్న పంపులు ఆ మహిళల చేతుల మీదుగా బయటికి వస్తున్నాయి.